కళ్ళు మూసుకుని విన్న మాట

పోయిన వారం టైలరమ్మని చర్చి హాలు గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. వారం రోజులు నిలబడితే ఎవరికైనా కాళ్ళు లాగుతాయి. ముందు ఆవిడని లోపలికి రానిద్దాం. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ వీధిలో చర్చి అనేది ఆదివారం ఒక్కపూటే చర్చి. మిగతా వారమంతా బల్లలు గోడవారకి జరిపేసి, చాపలు పరిచి, బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లుల పిల్లల్ని అక్కడ ఉంచుకుంటారు. వాళ్ళ ఆలనాపాలనా పాస్టరమ్మది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి మొగుడు ఇంటికి రాకపోయినా, ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా తట్టేది ఆవిడ తలుపే. తట్టినవాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కుతారో ఆవిడ ఏనాడూ అడగలేదు. అడిగే తీరికా లేదు.

ఆ తల్లుల్ని పొద్దున తీసుకెళ్ళి, సాయంత్రం తెచ్చి చర్చి గేటు దగ్గర దింపే ఫ్యాక్టరీ బస్సుకి డ్రైవరు మన టైలరమ్మ భర్త. ఆయనకి వెలుతురు తగ్గితే కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. ఈ సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని టైలరమ్మ కడుపులో పెట్టుకుని, పెట్టుకుని, చివరికి ఒక్క పాస్టరమ్మ దగ్గర మాత్రం బయటపెట్టింది. పాస్టరమ్మ దాన్ని తీసుకెళ్ళి శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనలో పెట్టింది. ఇవాళ పొద్దున ఫ్యాక్టరీలో బళ్ళ వ్యవహారం చూసే గుమాస్తాగారి భార్య సంచీ నిండా పళ్ళూ, మొహం నిండా జాలీ పట్టుకుని టైలరమ్మ ఇంటికొచ్చింది. అదీ సంగతి.

టైలరమ్మ చెప్పులు విడవకుండా లోపలికి వచ్చింది. రోజూ విడిచే మనిషి విడవలేదంటే గొడవకే వచ్చిందని పాస్టరమ్మకి అర్థమైంది. ఆ వేళకి పిల్లలు మధ్యాహ్నం నిద్రలు లేచి చికాకు మీద ఉన్నారు. ఒకడు చెప్పు దొరకలేదని ఏడుస్తున్నాడు, ఇంకొకడు వాణ్ణి చూసి ఏడుస్తున్నాడు. పాస్టరమ్మ రిబ్బను పళ్ళ మధ్య పెట్టుకుని ఒక పిల్లకి జడ వేస్తోంది. టైలరమ్మ కాళ్ళ దగ్గరికి పాక్కుంటూ వచ్చిన పసిదొకతి ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడ అలవాటు కొద్దీ వంగి దాన్ని చంకనేసుకుంది. చంకలో పసిబిడ్డతో పోట్లాడటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

పాస్టరమ్మ జడ ముగించి, పిల్లల్ని ఆయాతో పక్కనున్న ఖాళీ జాగాలో ఆడుకోమని పంపేసింది. పసిదాన్ని కూడా ఆయా చేతికి అందించాక హాల్లో ఇద్దరే మిగిలారు. గోడవారన ఉన్న బల్ల మీద ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఎదురెదురుగా కూర్చోవడానికి బల్ల జరపాలి, జరిపే ఓపిక ఇద్దరికీ లేదు.

ఎంతమందికి చెప్పారని అడిగింది టైలరమ్మ. చెప్పడం కాదమ్మా, ప్రార్థన చేశానని పాస్టరమ్మ అంది. తన వరకూ రెండూ ఒకటేనని టైలరమ్మ అంది. దేవుడితో తనకి పేచీ లేదు, పెద్ద పరిచయమూ లేదు, ఆయనకి చెబితే తనకేం నష్టం లేదు. ఆయనతో పాటు ఆ గదిలో కూర్చున్నవాళ్ళతోనే వచ్చిన చిక్కు. వాళ్ళందరూ తన దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు. రేపటి నుంచి కొలతలు ఇస్తూ తన మొహంలోకి చూస్తారు.

ఇక్కడ ఆ ప్రార్థన సంగతి కొంచెం చెప్పాలి. దానికొక కట్టుబాటుంది, పాస్టరమ్మ అత్తగారు పెట్టి వెళ్ళింది. ఒక్కొక్కరూ వరసగా గొంతెత్తి ప్రార్థిస్తారు, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. కళ్ళు మూసుకుని విన్నది కళ్ళు తెరిచాక మాట్లాడకూడదు. పేర్లు ఎత్తకూడదు. ఒక సహోదరి అనాలి, ఒక కుటుంబం అనాలి. దేవుడికి పేరూ చిరునామా చెప్పక్కర్లేదని అత్తగారి వాదన. ఎవరి కష్టమో మొహం చూస్తే తెలిసిపోతుంది గనక కళ్ళు మూయించిందని కోడలి అనుమానం. ఏదైతేనేం, ఆ కట్టుబాటు ధైర్యంతోనే ఆ వీధి ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా అక్కడ మనసు విప్పుతున్నారు. తాగి కొట్టిన మొగుళ్ళూ, నిలవని కడుపులూ, అత్తలూ, ఆడబిడ్డలూ అన్నీ అక్కడే పుట్టి అక్కడే ఆగిపోయేవి.

మొన్న శుక్రవారం మాత్రం పాస్టరమ్మ ఒక సహోదరి అనలేదు. ఫ్యాక్టరీ బస్సు నడిపే మన అబ్బాయి కళ్ళు అంది. పేరొక్కటే తక్కువ.

"నోరు జారిందమ్మా," అంది ఇప్పుడు. ఆ వారమంతా తన తల తన దగ్గర లేదని చెప్పుకొచ్చింది. పాస్టరుగారు పొరుగూరిలో పెళ్ళి జరిపించడానికి వెళ్ళారు. పిల్లల్లో ముగ్గురికి ఒంట్లో బాగాలేదు. ఆయా రెండు రోజులు రాలేదు. నిద్ర లేదు, తిండి లేదు, నిలబడి నిద్రపోతున్నంత పని అయింది. అవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు పోగుచేసి వాటి వెనక ఒక అబద్ధాన్ని దాచడం మాత్రం ఆవిడకి అలవాటు లేని పని.

టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పోట్లాడాలని ఇంటి దగ్గర కూడగట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో, ఆవిడ గొంతు మెత్తబడింది. పాస్టరమ్మ కళ్ళ కింద నలుపు చూసింది, ముంజేతి మీద ఆరిపోయిన పాల మరక చూసింది. అలసిపోతే ఎవరికైనా నోరు జారుతుందిలెండి, నేనే గట్టిగా అన్నాను, మనసులో పెట్టుకోకండి అని లేవబోయింది.

తిట్టి వెళ్ళినా బాగుండేది. తిట్లు పడటం పాస్టరమ్మకి కొత్తకాదు, ఆ వీధిలో అందరి కోపాలకీ ఆవిడ గుమ్మం తెరిచే ఉంటుంది. చెయ్యని తప్పుకి క్షమాపణ పుచ్చుకుని, చేసిన తప్పుని ఇంట్లో దాచుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. టైలరమ్మ చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"నోరు జారలేదు. కావాలనే అన్నాను."

టైలరమ్మ ఆవిడ వంక చూసింది.

"అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. గుమాస్తాగారి భార్య వచ్చిందా లేదా అని చూశాను. వెనక వరసలో ఉంది. ఉందని చూసుకున్నాకే మీ ఆయన సంగతి ఎత్తాను."

అని ఆగింది. ఇంతకుముందు ఊపిరాడకుండా చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు నోటికి రాలేదు.

ఆవిడ చెప్పకపోయినా మనం చెప్పుకోవాలి. పొద్దు పొట్టిదైపోతోంది. ఫ్యాక్టరీ వదిలే వేళ మాత్రం మారలేదు. నెల కిందట బస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉండేది, ఇప్పుడు వీధి దీపాలు వెలుగుతున్నాయి. డ్రైవరు కళ్ళ సంగతి తెలిసిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టుకుని పాస్టరమ్మ చెవులు రోడ్డు మీద పెట్టుకుని ఉంటోంది. తన కొంగు పట్టుకుని వేలాడుతున్న ప్రతి పిల్లకీ అమ్మ ఆ బస్సులోనే ఉంది. ఒక నిమిషం ఆలస్యమైతే గేటు బయటికి వచ్చి రోడ్డు వంక చూస్తోంది. బస్సు వచ్చాక, తల్లులు నవ్వుకుంటూ దిగాక, లోపలికి వెళ్ళి ఒక్కతే కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. రాత్రి మాత్రం నిద్ర పట్టడం లేదు, మర్నాడు మళ్ళీ సాయంత్రం వస్తుంది గనక.

తానే వెళ్ళి ఫ్యాక్టరీలో చెప్పేద్దామంటే టైలరమ్మకి మాట ఇచ్చింది. చెప్పకుండా ఉందామంటే ఆ పిల్లలు. చివరికి ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. తను దేవుడికి చెబుతుంది. పక్కన ఉన్న గుమాస్తా భార్య వింటుంది. ఆవిడ రాత్రి మొగుడి చెవిన వేస్తుంది. మొగుడు ఆఫీసులో చెబుతాడు. డ్రైవరుకి కళ్ళ పరీక్ష జరుగుతుంది, బస్సు ఇంకొకరు నడుపుతారు, మాట తప్పింది పాస్టరమ్మ అని ఎవరూ వేలెత్తి చూపరు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. జీవితమంతా పదిమందికి ప్రార్థన నేర్పిన మనిషికి గానీ ఇలాంటి ఆలోచన రాదు.

టైలరమ్మ ఇదంతా గ్రహించడానికి ఎంతోసేపు పట్టలేదు. గుడ్డని చూసి ఎక్కడ కత్తిరించారో చెప్పగల మనిషి. ఆవిడ కోప్పడలేదు, కన్నీళ్ళు కూడా పెట్టుకోలేదు. చిన్నగా నవ్వింది, ఆ నవ్వు వినడానికి పాస్టరమ్మకి కష్టమైంది.

"ఆవిడ ఎవరికీ చెప్పలేదమ్మగారూ."

పాస్టరమ్మకి అర్థం కాలేదు.

"వాళ్ళాయనకి కూడా చెప్పలేదు. నేను గుచ్చిగుచ్చి అడిగాను. ప్రార్థనలో విన్నది బయట మాట్లాడకూడదు, అది మా చర్చి కట్టుబాటు అంది. నా దగ్గర నోరెత్తినందుకే తప్పు చేశానేమోనని లెంపలేసుకుంది. మీ ఆయన కళ్ళ కోసం రోజూ ఒకపూట పస్తుంటున్నాను, ఆ ఒక్క మాటా చెప్పి వెళ్దామని వచ్చానంది. పళ్ళు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది."

పాస్టరమ్మ తల దించుకుంది. గుమాస్తా భార్య అంటే ఆవిడకి మొదటి నుంచీ చులకన. నోట్లో నువ్వుగింజ నానదనీ, ఆదివారం చీర చూపించుకోవడానికి వస్తుందనీ పాస్టరుగారితో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఆ నోటిని నమ్ముకునే ఇంత పథకం వేసింది. ఆ నోరు మూసుకునే ఉంది. తన అత్తగారి మాట నిలబెట్టింది ఆవిడ, తప్పింది తను. పైగా తప్పి సాధించింది కూడా ఏమీ లేదు. ఇవాళ సాయంత్రం కూడా ఆ బస్సు ఆయనే నడుపుకుంటూ వస్తున్నాడు.

సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట ఆవిడ ఎన్నోసార్లు వాడింది. అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"నేను ప్రార్థన చెయ్యమని మీకు చెప్పలేదు," అంది టైలరమ్మ. "ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె ఆగిపోతుందని చెప్పాను. అన్నం తినేటప్పుడు కంచం ఎక్కడుందో చేత్తో తడుముకుంటాడు. చూసి చూడనట్టు ఊరుకుంటాను. పిల్లలకి తెలియకూడదని నేనే ముద్దలు కలిపి పెడుతున్నాను. నాకు తెలీదనుకున్నారా, ఆయన బండి ఎక్కకూడదని? మీకంటే ముందు నుంచీ నాకు రాత్రుళ్ళు నిద్ర లేదు. కానీ ఈ వీధిలో కడుపులోది కక్కుకోవడానికి ఉన్నది ఈ ఒక్క గుమ్మం. ఇక నేను ఎక్కడికి పోవాలి?"

దానికి జవాబు ఉన్నట్టు పాస్టరమ్మ నటించలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి. బయట పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నారు. హాల్లో చీకటి పడుతోంది. లేచి లైటు వెయ్యాలని ఇద్దరికీ తోచింది, ఇద్దరూ లేవలేదు.

చివరికి పాస్టరమ్మే నోరు విప్పింది. క్షమించమని అడగనంది, అడిగే మొహం లేదంది. కానీ ఆయన ఇంకొక్క సాయంత్రం కూడా ఆ బండి ఎక్కడానికి వీల్లేదంది. ఈసారి దేవుణ్ణి మధ్యలోకి లాగకుండా తన నోటితో తానే అంది. తనకి తెలిసిన కళ్ళ డాక్టరు ఉన్నారు, తనే తీసుకెళ్తుంది. ఫ్యాక్టరీలో వేరే పని చూడమని తనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడుతుంది. ఇచ్చినా ఇవ్వకపోయినా బండి మాత్రం దిగాలి. టైలరమ్మ ఒప్పుకోకపోతే రేపు పొద్దున తనే ఆఫీసుకి వెళ్ళి, తన పేరు పెట్టి, తనే చెబుతుంది.

టైలరమ్మ వింది. ఎదురు చెప్పే శక్తి ఆవిడలో లేదు. ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎప్పటి నుంచో ఎదురుచూసినట్టే ఉంది ఆవిడ వాలకం. ఆఫీసు దాకా ఎందుకు, ముందు ఆయనకే చెప్పండి అంది. తను చెప్పలేనంది. చెబితే, నువ్వు కూడానా అన్నట్టు చూస్తాడు, ఆ చూపు తను తట్టుకోలేదు. పాస్టరమ్మ చెబితే తను పక్కన ఉంటుంది.

ఆ మాట పూర్తవుతుండగానే బస్సు హారను వినబడింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఒకరు వదిలింది ఇంకొకరికి వినబడింది.

తల్లులు దిగారు. ఆ తర్వాత పావుగంట రోజూ ఉండే హడావిడే. నా వాడేడి, దీని చొక్కా ఎవరిది, పాలు తాగిందా, మళ్ళీ ఎందుకు ఏడ్చాడు. పాస్టరమ్మ అందరికీ జవాబులు చెప్పింది, చెప్పు దొరకనివాణ్ణి ఒక్క చెప్పుతోనే తల్లికి అప్పగించింది. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఎవరికీ ఏమీ తెలియదు. పొద్దంతా మిషన్ల మీద వంగిన నడుములు పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆయా కూడా వెళ్ళిపోయింది.

చాపలు మడత పెట్టి వస్తానని టైలరమ్మ హాల్లోకి వెళ్ళింది. చేతులకి ఏదో ఒక పని ఉండాలి ఆవిడకి. పాస్టరమ్మ వసారా మెట్ల మీద నిలబడి, ఏమని మొదలుపెట్టాలో మనసులో కూడబలుక్కుంటోంది.

రోజూ బండిని చర్చి గోడ పక్కనే ఆపి డ్రైవరు ఇంటికి నడిచి వెళ్తాడు. ఈమధ్య టైలరమ్మ వచ్చి ఈ మెట్ల దగ్గరే నిలబడుతోంది. ఆయన మోచెయ్యి చాపుతాడు, ఆవిడ పట్టుకుంటుంది, ఇద్దరూ నెమ్మదిగా నడుచుకుంటూ పోతారు. ఇన్నేళ్ళకి కొత్త పెళ్ళికొడుకు అయ్యాడని వీధిలో వేళాకోళాలు కూడా మొదలయ్యాయి. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఇవాళ కూడా ఆయన గేటు తెరుచుకుని వచ్చాడు. గేటు తియ్యడానికి గొళ్ళెం కోసం రెండుసార్లు తడిమాడు. నేరుగా మెట్ల దగ్గరికి వచ్చి, అక్కడ నిలబడ్డ ఆడమనిషి వైపు మోచెయ్యి చాపాడు. పాస్టరమ్మ, నేను మీ ఆవిణ్ణి కాదని అనబోయింది. ఇంతలో ఆయన అడుగు తడబడింది. ఆవిడ పడిపోతాడని భయపడి చటుక్కున ఆ మోచెయ్యి పట్టుకుంది.

"మెల్లగా పద," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున్నుంచీ నీకు చెబుదామని చస్తున్నాను. తెల్లారకముందు డీజిల్ పోయించుకుందామని ఖాళీ బండి తీసుకెళ్ళాను కదా. మలుపు దగ్గర ఏదో తగిలింది. కుక్క అనుకున్నాను. ఆగలేదు."

పాస్టరమ్మ చెయ్యి వదల్లేదు. వదలాలని గుర్తు రాలేదు. వెనక హాలు గుమ్మంలో చాపల కట్ట నేల మీద పడిన చప్పుడైంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"రోజంతా ఆలోచించాను. కుక్కయితే అరిచేది కదే," అన్నాడు. "ఏమే, పలకవు?"